పదును నిలవని ఉలి

పూర్ణా మార్కెట్ వెనక సందులో ఇనుప సామాన్ల కొట్టు ఒకటి ఉంది. జూన్ పద్నాలుగో తారీకున అక్కడ పన్నెండు ఉలుల సెట్టు మూడు వందల నలభై రూపాయలకు కొన్నాను. ప్లాస్టిక్ సంచిలో వరసగా గుచ్చి ఉన్నాయి. పసుపు రంగు పిడులు, మెరిసే రేకులు. ఇంటికొచ్చి ఒక్కొక్కటీ తీసి బొటనవేలి గోరు మీద ఆనించి చూశాను. పదునున్న ఉలి గోటి మీద పట్టుకుని ఆగాలట. పన్నెండూ జారిపోయాయి. వాటిలో ఒక్కటి కూడా ఉల్లిపాయను తెగ్గొట్టేది కాదు.

డెబ్బై ఒకటో ఏట చెక్కపని నేర్చుకోవాలన్న సరదా నాకేమీ లేదు. మా అప్ప తన చేత్తో తాను అన్నం తినాలి. అందుకు ఒక చెంచా కావాలి. అలాంటి చెంచా బజారులో దొరకలేదు. నేను ఉలి పట్టడానికి అంతకన్నా కారణం లేదు.

మా వైపు అక్కను అప్ప అంటాం. నాకంటే ఏడేళ్ళు పెద్దది. వాళ్ళాయన పోర్టులో కళాసీగా చేసి పోయాడు. మా ఆయన పోయి తొమ్మిదేళ్ళు. ఇద్దరికీ పిల్లలు లేరు. రెండు అద్దెలు ఎందుకని వన్‌టౌన్‌లో రెండు గదుల వాటాలో కలిసి ఉంటున్నాం. నేను ఒక సహకార స్టోరులో ముప్పై ఒక్క ఏళ్ళు లెక్కలు రాశాను. తారీకులు, మొత్తాలు గుర్తుపెట్టుకోవడం ఆ ఉద్యోగంతో అబ్బింది, రిటైరైనా పోలేదు.

అప్పకు కీళ్ళవాతం. వేళ్ళు ఒక పక్కకు ఒరిగిపోయి, కుడి గుప్పిట సగం మూసుకుపోయింది. పోయిన వేసవిలో అందులో ఒక జామకాయ పట్టేంత సందు ఉండేది. అన్నం కలిపి ముద్ద చేస్తే మెతుకులు వేళ్ళ సందుల్లోంచి రాలి కంచంలోనే పడేవి. స్టీలు చెంచా ఇచ్చాను. దాని కాడ సన్నం. గుప్పిట్లో తిరిగిపోయి సరిగ్గా నోటి దగ్గరకొచ్చేసరికి బోర్లా పడేది. కాడకు గుడ్డ చుట్టాను. అది పప్పుచారు పీల్చుకుని రెండో రోజుకే కంపు కొట్టింది. సైకిలు హ్యాండిల్‌కు వేసే రబ్బరు తొడిగాను. ఆ బరువుకు మణికట్టు లేవలేదు.

ఒక మధ్యాహ్నం నేనే ముద్ద కలిపి నోటి దగ్గర పెట్టాను. మూతి తిప్పేసుకుంది.

"నాను పసిగుంటనేటే? నువ్వెట్టీదేటి, నాను తినీదేటి?"

"ఒక్కపూటే కదప్పా."

"ఒక్కపూటతో ఆగుతాదేటి? మా అత్తకి ఎనిమిదేళ్ళు ఎట్టినాను. గుమ్మం కాసి సూసుకుంటూ కూకునీది, నానెప్పుడొత్తానా, ఎప్పుడెడతానా అని. నాకు ఇసుగొచ్చి బేగి బేగి కుక్కీసిన రోజులున్నాయి. ఆ బతుకు నాకొద్దు. నా సేత్తో తిన్నన్నాళ్ళు తింతాను, నేకపోతే నేదు."

అప్ప అన్నదంటే అన్నదే. అప్పట్నుంచి తన చేత్తో నోటిదాకా వెళ్ళినంతే తినేది. మార్చిలో నలభై ఆరు కేజీలుంది. జూన్‌లో మందుల కొట్టు ముందున్న మిషను ఎక్కిస్తే నలభై ఒకటి.

మా వీధి చివర వడ్రంగిని అడిగాను. "కర్ర పని ఇప్పుడెక్కడుందమ్మా? అంతా ప్లై, మైకా. సెంచా సెక్కీ ఉలి నా దగ్గరే నేదు" అన్నాడు. ఏటికొప్పాక చెంచాలు తెప్పించాను. అవి లేతు మీద తిప్పినవి, కాడ గుండ్రంగా నున్నగా ఉంటుంది. స్టీలుదాని లాగే అవీ గుప్పిట్లో తిరిగిపోయాయి. కావలసింది గుండ్రటి కాడ కాదు. అప్ప గుప్పిట లోపల ఏ ఆకారం ఉందో అచ్చం ఆ ఆకారం. ఒక పక్క బల్లపరుపు, ఒక పక్క ఉబ్బు, బొటనవేలు ఆనే చోట గుంట. తేలిగ్గా ఉండాలి.

గోధుమపిండి గట్టిగా తడిపి అప్ప గుప్పిట్లో పెట్టి నొక్కమన్నాను.

"సపాతీలు సేత్తావేటి నా సేతిలో?"

"కొలత అప్పా. సెంచాకి."

"సెంచా సెయ్యడానికి పిండా? ఓలమ్మ, ముప్పయ్యేళ్ళు ఏటి లెక్కలు రాసినావే నువ్వు!"

కానీ నొక్కింది. నొక్కేటప్పుడు నొప్పికి పళ్ళు బిగపట్టింది. ఆ పిండి ముద్దను ఎండబెట్టి గూట్లో పెట్టాను. బొమ్మలు చేసే అంకుడు కర్ర ముక్కలు నాలుగు నేనే బస్సెక్కి వెళ్ళి తెచ్చుకున్నాను. తెల్లగా, మెత్తగా ఉంటుంది ఆ కర్ర. మెత్తటి కర్ర కదా, మామూలు ఉలికి కూడా తెగుతుందనుకున్నాను.

తెగలేదు. మెత్తటి కర్రకే ఎక్కువ పదును కావాలని తెలియడానికి ఒక ముక్క పాడైంది. మొండి ఉలి గట్టి కర్రను కాస్తో కూస్తో గీరుతుంది. మెత్తటి కర్రను నలిపేస్తుంది. చెంచా గుంట తవ్వుతుంటే లోపల నార లేచి, నానిన అట్ట లాగ తయారైంది. గరుకు కాగితంతో రుద్ది నున్నగా చేశాను. నీళ్ళు తగలగానే మళ్ళీ నార లేచింది. అప్పకు నోరు ఎండిపోయే జబ్బు కూడా ఉంది, పెదాలు పగిలి ఉంటాయి. ఆ నార చెంచాతో ఒక్కసారి అంబలి నోట్లో పెట్టుకుని, "ఇది సెంచా కాదు, కొబ్బరి పీసు" అని పక్కన పెట్టేసింది.

అంటే ఉలికి అద్దం లాంటి అంచు ఉండాలి. కర్ర కోసుకుపోవాలి, రుద్దే పని లేకుండా.

గురువారాల్లో మా వీధికి సైకిలు మీద సాన చక్రం పెట్టుకుని ఒకతను వస్తాడు. పన్నెండింటిలో వెడల్పాటి వంపు ఉలి చెంచా గుంటకు సరిపోతుంది. అదే అతనికిచ్చాను. పెడలు తొక్కుతుంటే నిప్పురవ్వలు గుత్తులుగా లేచాయి.

"కూసేపు సల్లారనియ్యకుండా అలా పట్టేత్తన్నావు, పరవానేదా?" అన్నాను.

"నిప్పులొచ్చినాయంటే పదునొచ్చినట్టే మావమ్మా. సూడు, ఎలగ మెరుస్తందో!"

మెరిసింది. అంచంతా నీలంగా, నెమలికంఠం రంగులోకి తిరిగింది. నాకు అది అందంగానే కనిపించింది. ఇరవై రూపాయలిచ్చి లోపలికొచ్చి కర్ర మీద పెట్టాను. మొదటి రెండు కోతలు వెన్నలో దిగినట్టు దిగాయి. మూడోదానికి అంచు రేకు డబ్బా మూతలా ముడుచుకుపోయింది. నీలం రంగొచ్చిందంటే వేడికి ఉక్కు గట్టిదనం చచ్చిపోయినట్టట. ఫోనులో వీడియోలు చూశాక తెలిసింది. ఉక్కు ఫ్యాక్టరీ ఉన్న ఊళ్ళో ఇన్నేళ్ళు బతికిన మనిషిని, నాకీ ముక్క తెలియదు.

మిగిలిన వాటిలో ఇంకో వంపు ఉలి ఉంది. కొంచెం చిన్నది. ఇక దాన్ని ఎవరి చేతికీ ఇవ్వదలచుకోలేదు.

వీడియోల్లో చూపించే రాళ్ళ ధరలు వాకబు చేశాను. ఒక మంచి సానరాయి ఖరీదుకు అప్ప మాత్రలు నెలన్నర వస్తాయి. దాని బదులు ఇంటివాళ్ళు బాత్‌రూముకు వేయించగా మిగిలిన నున్నటి టైలు పలక ఒకటి అడిగి తెచ్చుకున్నాను. దాని మీద నీళ్ళు చల్లి, నీళ్ళలో వాడే ఎమరీ కాగితం పరిస్తే అతుక్కుంటుంది. ముతకది, దానికంటే సన్నది, ఇంకా సన్నది, చివరికి వేలితో తడిమితే కాగితమో బట్టో తెలియనంత నున్నది. నాలుగు రకాలకూ కలిపి వంద రూపాయలు దాటలేదు.

పని చెప్పడానికి తేలిక. ఉలి ముందు భాగంలో ఏటవాలుగా కోసిన తలం ఉంటుంది. ఆ తలం మొత్తం కాగితానికి ఆనాలి. ఎత్తకూడదు, దించకూడదు. వంపు ఉలి అయితే తోస్తూనే మణికట్టు తిప్పాలి, ఈ మూల నుంచి ఆ మూల దాకా. నా చెయ్యి తోపు చివరికొచ్చేసరికి తనంతట తనే పైకి లేచేది. దానితో అంచు గుండ్రబడేది. ఎక్కడ ఆనుతోందో కనిపించక, ఏటవాలు తలమంతా నల్ల స్కెచ్ పెన్నుతో పూసి ఒకసారి తోసి చూసేదాన్ని. రంగు పోయిన చోట ఆనినట్టు, మిగిలిన చోట ఆననట్టు. చాలా రోజులు మూలల్లోనే రంగు పోయేది, మధ్యలో నల్లగా అలాగే ఉండేది.

ఆ వాలు సరిగా అరిగితే అంచు అవతలి వైపు వెంట్రుక కంటే సన్నటి రేకు లేస్తుంది. కంటికి కనపడదు, వేలికి గరుకుగా తగులుతుంది. వంపు లోపల ఆ రేకు తియ్యడానికి పెన్సిలుకు కాగితం చుట్టి రుద్దాలి. ఆఖరున తోలు మీద ఈడ్వాలి. తోలుకు బావ పోర్టు డ్యూటీకి పెట్టుకున్న బెల్టు బయటికి తీసి, పీట మీద మేకులు కొట్టి, ఇత్తడి సామాన్లు తోమే పేస్టు పూశాను.

మంచం మీంచి అప్ప చూస్తోంది.

"మీ బావ నడుముకున్నన్నాళ్ళూ దానికింత సేవ నేదు."

"వాడుకోవచ్చా, వద్దా?"

"వాడుకో. మనిసే పోయినాడు, బెల్టుకేటి?" అని, "బకిలు మాత్రం పారియ్యకు" అంది.

జులై అంతా ఇదే. ముతక కాగితాలు బాగానే పనిచేసేవి. ఆఖరి నున్నటి కాగితం దగ్గరకొచ్చేసరికి అంచు మీద గీతలు పడేవి. నున్నటి కాగితం గీతలు ఎందుకు పెడుతుందో అర్థం కాలేదు. కాగితం నకిలీదనుకుని ఇంకోటి కొన్నాను. అదీ అంతే. ఒక రోజు వరండాలో ఆరేసిన తెల్ల చీర దులుపుతుంటే తెలిసింది. పోర్టు వైపు నుంచి వచ్చే నల్ల ధూళి. మాకు అది అన్నం లాగ, నీళ్ళ లాగ రోజూ ఉండేదే. పొద్దున్న తుడిచిన గూడు సాయంత్రానికి నల్లబడుతుంది. నేను పలకను వరండాలో పెట్టుకుని కూర్చుంటున్నాను. ఆ ధూళి తడి కాగితం మీద పడి ఉలి కిందకు వెళ్తోంది. అప్పట్నుంచి వంటింట్లో తలుపు వేసుకుని, పలకను రెండుసార్లు తుడిచి, కాగితాన్ని కడిగి, అప్పుడు కూర్చునేదాన్ని. గీతలు ఆగాయి.

జులై ఆఖరి వారంలో ఆ చిన్న వంపు ఉలిని గోటి మీద పెడితే జారలేదు. ఆగింది. కర్ర మీద పెట్టి తోశాను. చప్పుడు మారింది. ఇంతకుముందు గరగరమనేది, ఇప్పుడు సన్నగా ఈల వేసినట్టు వచ్చింది. తెల్లటి పొర ఒకటి చుట్టుకుంటూ లేచింది. అది తెగిన చోట కర్ర తడిసినట్టు నిగనిగలాడింది. అప్ప చెయ్యి చాపింది. వంకర వేళ్ళ మధ్య ఆ పొరను ఇరికించి వెలుగులోకి పెట్టి చూసింది.

"ఉల్లిపొర లగ ఉందే."

"ఇంక సెంచా అవుతాదప్పా."

"అయితే అవనీ. బేగి కానీ."

ఆ బేగి అన్న మాట నాకు గుచ్చుకుంది. ఆగస్టులో కాడ చేశాను. పిండి అచ్చు పక్కన పెట్టుకుని, కాస్త చెక్కడం, అప్ప గుప్పిట్లో పెట్టి చూడడం, మళ్ళీ చెక్కడం. "ఇక్కడ ఒత్తుకుంతంది" అంటే అక్కడ తీసేదాన్ని. సెప్టెంబరు నెలాఖరుకు కాడ కుదిరింది. గుప్పిట్లో పెట్టి నేను చెంచా తలను తిప్పబోయినా తిరగలేదు. అప్ప నా వంక చూసి, మొదటిసారి ఎగతాళి లేకుండా, "పట్టుకుందే" అంది. ఆ సగం చెంచాతోనే గాలిలో కంచానికీ నోటికీ మధ్య చెయ్యి ఆడించింది. ఆరేడు సార్లు ఆడించింది. గుంట సగం తవ్వడం అయింది. మిగతా సగం ఇంకో పది రోజుల పని.

అప్పుడు దసరా వచ్చింది.

ఈ ఊళ్ళో దసరాకు పనిముట్టుకు బొట్టు పెట్టని ఇల్లుండదు. క్రేన్లకు, లారీలకు, ఆటోలకు, లేతు మిషన్లకు, కుట్టు మిషన్లకు అన్నిటికీ పసుపు, కుంకుమ, బంతిదండ, గుమ్మడికాయ. మా స్టోరులో తూకం రాళ్ళకు, లెక్కల పుస్తకాలకు, ఆఖరి రోజుల్లో కంప్యూటరుకు కూడా పెట్టేవాళ్ళం. ఆయుధ పూజ రోజు పొద్దున్న అప్ప అడిగింది.

"నీ ఉలులేవి?"

"ఎందుకప్పా?"

"ఎందుకేటి? నాలుగు నెలలుగా వాటితోనే కదా పోరు. బొట్టెట్టవా? తే. నానెడతాను."

తెచ్చిచ్చాను. స్నానం చేసి, మంచం పక్కన పీట మీద కొత్త జాకెట్టు ముక్క పరిపించి, పన్నెండు ఉలులనూ వరసగా పెట్టించుకుంది. పసుపు తడిపి ఇచ్చాను. వేళ్ళు ముందుకు రావు గదా, చేతి వెనక భాగం పసుపులో ముంచి ఒక్కొక్క ఉలికీ పిడి నుంచి అంచు దాకా పూసింది. చాలాసేపు పట్టింది. చిన్న వంపు ఉలికి రెండుసార్లు పూసింది, అదే కదా పని చేసేది అని. దాని అంచు మీదే కుంకుమ పెట్టింది. పైన తడి బంతిపూలు. ఆ పని ఎవరి సాయమూ లేకుండా చేసింది. ఆ మధ్యలో అప్ప తన చేత్తో పూర్తిగా చేసిన పని అదొక్కటే. నేను పక్కన కూర్చుని చూశాను. నాకు తప్పేమీ కనిపించలేదు. మా ఇళ్ళల్లో ఎప్పుడూ ఇలాగే చేస్తారు. లెక్కల పుస్తకానికి పసుపు పెడితే పుస్తకానికేమీ కాదు.

పూజలో పెట్టిన పనిముట్టును విజయదశమి వెళ్ళేదాకా కదపకూడదు. ఆ రెండు రోజులూ వాన. కిటికీలు మూసినా గోడలు చెమ్మ పట్టాయి. అప్పడాలు మెత్తబడ్డాయి. మూడో రోజు పొద్దున్న పూలు తీశాను.

పసుపు ఎండి పెచ్చు కట్టి ఉంది. తడిగుడ్డతో తుడిస్తే కింద ఎర్రగా తుప్పు. పై తుప్పు రుద్దితే పోయింది. దాని కింద సూదితో పొడిచినట్టు చుక్కలు మిగిలాయి. అంచు వెంబడి, సరిగ్గా కర్రను కోసే చోట. చిన్న వంపు ఉలికి రెండు పూతలు కాబట్టి దానికే ఎక్కువ. కర్ర మీద పెడితే ప్రతి చుక్కా ఒక గీత గీసుకుంటూ పోయింది.

అప్ప లేచి కూర్చుంది. "ఏటయింది?"

"ఏటీ నేదు. తుప్పు. వాన కదా."

"నానెట్టిన పసుపుకేనా?"

"వానకప్పా."

అప్ప తన కుడిచేతిని ఎడమచేత్తో కొంగు కిందకు లాక్కుంది.

చుక్కలు పోవాలంటే అంచును అవి ఉన్నంత వెనక్కి అరగదియ్యాలి. మళ్ళీ ముతక కాగితం, మళ్ళీ స్కెచ్ పెన్ను. ఈసారి చేతికి పని తెలిసింది, తోపు చివర్లో లేవడం లేదు. రెండు వారాల్లో అంచు శుభ్రంగా వచ్చింది. గోటి మీద పెడితే ఆగింది. కర్ర మీద పెట్టాను. ఈల చప్పుడు వచ్చింది, నాలుగు పొరలు లేచాయి, ఐదోదానికి గరగర. చూస్తే అంచు ముడుచుకుంది. మళ్ళీ పదును పెట్టాను. మళ్ళీ నాలుగైదు పొరలు. దీన్ని ఏ సాన చక్రానికీ ఇవ్వలేదు, వేడి తగలనివ్వలేదు. అయినా నీలం తిరిగినదాని లాగే చేసింది.

ఉలి కొన్న కొట్టుకే తీసుకువెళ్ళాను. కొట్టతను అద్దాలు పైకి పెట్టుకుని చూశాడు.

"శానా అరగదీసేసినావు మావమ్మా."

"తుప్పు పట్టింది. అరగదియ్యకపోతే ఎలా?"

"ఇయ్యి పిల్లల ప్రాజెక్టులకి వాడీవి. కొసన కూసింత మేరే గట్టిగుంటాది. ఆ మేర అరిగిపోతే లోపలంతా ఒట్టి ఇనుమే. ఎంత నూరినా నిలవదు."

"మరి మంచిది?"

చూపించాడు. ఒకే ఒక్క వంపు ఉలి, నల్లటి పిడి. ధర అడిగితే, రెండు వేలకు రెండు పదులు తక్కువ. అప్పకు ఆ వారమే డాక్టరు కొత్త ఇంజెక్షన్ రాసిచ్చాడు. చేతులు ఇంకా మూసుకుపోకుండా ఆపుతుందన్నాడు, ఆపితే. చీటీ నా సంచిలోనే ఉంది. ఉలిని కొట్టతని చేతిలోనే పెట్టేశాను. ఇంకో చవక సెట్టు కొన్నాను. దాని వంపు ఉలి ఇంకా మెత్తన. కొత్తగా తీసినప్పుడే నిలవలేదు.

అందుచేత మిగిలిన గుంటను చచ్చిన ఉలితోనే తవ్వాను. నాలుగు పొరలు తియ్యడం, లేచి వంటింట్లోకి వెళ్ళి పలక తుడిచి, కాగితం పరిచి, పదును పెట్టి, తోలు మీద ఈడ్చి, మళ్ళీ వచ్చి నాలుగు పొరలు. పది రోజుల పని నెలన్నర దాటింది. నవంబరు వెళ్ళింది. మెడ నొప్పికి నేను కూడా మాత్రలు మొదలుపెట్టాను. అప్ప ఇప్పుడు బేగి అనడం మానేసింది. ఒకసారి మాత్రం, "ఒగ్గీయే. ఆ రాయి ముందర కూకుని నీ నడుం కూడా నాలగ వంగిపోతంది" అంది.

"అయిపోవచ్చింది."

"నీకెప్పుడూ అయిపోవచ్చేదే."

డిసెంబరు పదకొండున చెంచా అయింది. గుంట లోపల నిగనిగలాడుతోంది, నీళ్ళు పోసినా నార లేవలేదు. నేను జీవితంలో చేసిన వస్తువుల్లో అంత నున్నటిది లేదు. వేరుశనగ నూనె రాసి ఒక రోజు ఆరబెట్టి, అప్ప గుప్పిట్లో పెట్టబోయాను.

కాడ పట్టలేదు.

గుప్పిట మూసుకుంది. రోజూ చూస్తున్న చెయ్యే, రోజూ కొబ్బరినూనె రాస్తున్న చెయ్యే. సెప్టెంబరులో కుదిరిన కాడ ఇప్పుడు సగం కూడా దూరలేదు. నేను వేళ్ళు విప్పబోతే అప్ప అరిచింది. ఎండిన పిండి అచ్చు తెచ్చి పక్కన పెట్టి చూశాను. అది ఇంకెవరి చేతిదో అనిపించేలా ఉంది.

ఉబ్బుగా ఉన్న పక్క చెక్కేశాను. బొటనవేలి గుంట చెక్కేశాను. అది తిరిగిపోకుండా ఆపేది ఆ రెండే. సన్నబడ్డాక దూరింది. పప్పు, అన్నం మెత్తగా పిసికి నెయ్యి వేసి కంచం ముందు పెట్టాను. అప్ప చెంచా ముంచింది. మొదటిది నోట్లోకి వెళ్ళింది. పెదవికి గీసుకోలేదు. "నున్నగుందే" అంది. రెండోది దారిలో కొంచెం తిరిగి, సగం కొంగు మీద పడింది. మూడోసారి చెయ్యి సగం దూరం లేచి ఆగిపోయింది. చెంచా మెల్లగా పక్కకు వాలి ఖాళీ అయింది. అప్ప ఆ చేతిని చూస్తూ ఉండిపోయింది. నేను ముందుకు వెళ్ళలేదు. నా చేతులు ఒళ్ళోనే పెట్టుకున్నాను.

చాలాసేపటికి చెయ్యి దించింది.

"సెంచా మంచిదే. సెయ్యే మంచిది కాదు" అంది.

రాత్రి తినలేదు. మర్నాడు పొద్దున్న కాఫీ ఒక్కటే, గ్లాసు నేను పట్టుకుంటే. మధ్యాహ్నం నేను కంచం పెట్టుకుని తినబోతుంటే పిలిచింది.

"రా. ఎట్టు."

లేచి వెళ్ళాను. అన్నం కలిపాను.

"అటు తిప్పు నన్ను. గోడేపు."

కుర్చీని గోడ వైపు తిప్పాను. వీధి వైపు తలుపు మూసి ఉంది, ఎవరూ చూసే వీల్లేదు. అయినా తిప్పమంది. మొదటి ముద్ద పెట్టేటప్పుడు కళ్ళు మూసుకుంది. నమిలేటప్పుడు కూడా తెరవలేదు. నేను బేగి పెట్టకుండా చూసుకున్నాను. ఒక ముద్ద మింగి, గొంతు కదిలి ఆగాక, ఇంకోటి. సగం కూడా కాకముందే పెదాలు మూసింది.

ఇది జనవరి. ఇంజెక్షన్ రెండు అయ్యాయి. గుప్పిట ఆగినట్టు లేదు. రోజూ రెండు పూటలు కుర్చీ గోడ వైపు తిప్పుతాను. అంబలికి చెక్క చెంచానే వాడుతున్నాను, నా చేత్తో. బరువు మిషను మీదకు ఎక్కించడం మానేశాను, దాని మీద నిలబడలేకపోతోంది. సంక్రాంతి ముందు ఒక రోజు, రెండు ముద్దలు తిన్నాక కళ్ళు మూసుకునే అంది:

"ముద్ద సిన్నది సెయ్యే. మింగనేకున్నాను."

చిన్నది చేశాను.

"ఇంకా సిన్నది."

చేశాను.